చదువుకి కూడా పళ్ళు లెక్కపెడతారా?
పశువైద్య ప్రవేశాల నియమాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో, గరివిడికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లె నుంచి రాస్తున్నాను. నా వయసు 33. మా పొదుపు సంఘం తరఫున పశుసఖిగా, అంటే ఊళ్ళో పశువులకి ప్రథమ చికిత్స చూసే కార్యకర్తగా, పనిచేస్తున్నాను. ఇంట్లో మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్త, మామ, రెండు గేదెలు, ఒక పెయ్య. ఓపెన్ స్కూల్లో ఇంటర్ బైపీసీ 32వ ఏట పాసయ్యాను. పశువైద్య డిగ్రీలో చేరాలని ఎంట్రన్సు రాశాను, ర్యాంకు వచ్చింది. గొప్ప ర్యాంకేమీ కాదు. కానీ మా కేటగిరీలో అంతకుముందు ఏడాది ఆఖరి సీటు దొరికిన ర్యాంకు కంటే మెరుగే. అయినా నా దరఖాస్తు పుట్టిన తేదీ దగ్గరే ఆగిపోయింది. ఈ చదువుకి మీరు పెట్టిన పై వయోపరిమితి నేను దాటిపోయానట.

దీని మీద రెండు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. రెండోదానికి నలభై రోజుల తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలీదు. కనుక్కుందామని ఒక ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన నా కాగితాలన్నీ తిరగేసి, "ఏటమ్మా, ఈ వయసులో నీకు గేదెల డాక్టరు చదువేటి? మీ పాపని చదివించుకో" అన్నాడు. వెటకారంగా అనలేదు, మంచిగానే అన్నాడు. తిట్టి ఉంటే ఇంత బాధ వేసేది కాదు. అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ పెడుతున్నాను.

మా మానాపురం సంతలో పశువుని కొనేవాడు ముందు దాని నోరు తెరిచి చూస్తాడు. రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా? పళ్ళు అరిగాయంటే రేటు దిగిపోతుంది. పశువు విషయంలో అది న్యాయమే, దాని పనికాలం అంతే. చదువుకుంటానని వచ్చిన మనిషికి కూడా మొదట నోరు తెరిపిస్తారని మాత్రం నేను అనుకోలేదు.

నేనెందుకు ఆలస్యమయ్యానో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఇది మా వైపు కొత్త కథేమీ కాదు. చీపురుపల్లిలో ఇంటర్ మొదటి ఏడు చదువుతున్నప్పుడు మా నాన్న చెన్నైలో తాపీ పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుం విరిగి ఇంటికొచ్చాడు. చదువు ఆగింది. పద్దెనిమిది నిండగానే పెళ్ళి. పంతొమ్మిదికి పాప. తర్వాత పదేళ్ళు ఏం జరిగిందని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: పిల్లలు, పొలం కూలి, పశువుల సాల.

పశుసఖి పనిలో చేరాకే మళ్ళీ పుస్తకం పట్టాను. నట్టల మందు తాగించడం, టీకాల రోజు ఐస్ పెట్టె భుజాన వేసుకుని డాక్టరు గారి వెనక ఇల్లిల్లూ తిరగడం, పశువుల చెవికి పన్నెండంకెల పసుపు ట్యాగు వేసేటప్పుడు తల గట్టిగా పట్టుకోవడం, పుండ్లకి కట్టు కట్టడం, ఇదీ నా పని. ప్రతి చోటా ఒక 'ఎందుకు' మిగిలిపోయేది. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు ఎందుకు? ఈసుడు రోగం (పశువుకి గర్భం పోయే బ్రూసెల్లోసిస్) టీకా ఆడ దూడలకే, అదీ నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపే ఎందుకు? డాక్టరు గారు ఓపికగా చెప్పేవారు. ఒకసారి విసుగొచ్చి, "ఇవన్నీ కావాలంటే నువ్వూ చదువుకోవాలమ్మా" అన్నారు. ఆయన మాటవరసకి అన్నారు, నేను నిజమనుకున్నాను.

ఇంటర్ పరీక్ష రోజు సెంటర్ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి, "పిల్లని లోపలికి పంపి మీరు చెట్టు కింద కూర్చోండమ్మా" అన్నాడు. హాల్ టికెట్ చూపిస్తే ఫొటో వంక, నా వంక మూడుసార్లు చూశాడు. ఇంట్లో మా పాప తొమ్మిదో తరగతి. రాత్రిపూట ఇద్దరం ఒకే లైటు కింద కూర్చునేవాళ్ళం. నా జువాలజీ ప్రశ్నలు అది అడిగేది, తప్పు చెప్తే మా టీచర్ల కంటే ఎక్కువ తిట్టేది.

ఇక అసలు సంగతి. నాకు డాక్టరునని అనిపించుకునే మోజు లేదు. పోయిన కార్తీకంలో ఒక రాత్రి జరిగింది చెప్తాను.

మా వీధి చివర ఒక పెద్దాయన గేదెకి నెలలు నిండాయి. సంఘం లోనుతో ఎనభై వేలకి కొన్న గేదె అది. రాత్రి పదింటికి నీటి బుడగ పగిలింది. పన్నెండయినా దూడ రాలేదు. డాక్టరు గారు వేరే మండలంలో ఇంకో కేసులో ఉన్నారు, ఆయన ఒక్కరు చూసే ఊళ్ళు చాలా ఉన్నాయి. బయల్దేరుతూ ఫోన్లోనే ఉన్నారు. "చెయ్యి భుజం దాకా సబ్బుతో కడుక్కుని లోపల చూడు, ఏం తగులుతోందో చెప్పు" అన్నారు. ఒక గిట్ట తగిలింది. మూతి తగిలింది. రెండో కాలు లేదు. మోకాలి దగ్గర మడిచి వెనక్కి ఉండిపోయింది. "దూడని కొంచెం వెనక్కి తోసి, గిట్టని అరచేతిలో మూసి ముందుకి తీయాలి, గిట్ట లోపల గీసుకుందంటే గర్భసంచి చిరుగుతుంది" అన్నారు. మాట అర్థమైంది. చెయ్యి మాట వినలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి రోకలి కింద పడ్డట్టు నలిగిపోయేది. వేళ్ళు మొద్దుబారి, ఏది గిట్టో ఏది ఎముకో తెలిసేది కాదు. పెద్దాయన భార్య లాంతరు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. రెండు గంటలు అలాగే గడిచాయి.

డాక్టరు గారు వచ్చి చెయ్యి పెట్టారు. పది నిమిషాల్లో దూడ బయట ఉంది. చనిపోయి ఉంది.

గేదె బతికింది. కానీ దూడ పోతే గేదె చేపదని, అంటే పాలు దింపదని, పశువుని సాకే ప్రతివాళ్ళకీ తెలుసు. పూటకి నాలుగు లీటర్లు ఇవ్వాల్సిన గేదె గ్లాసుడు ఇచ్చింది. లోను కిస్తీ మాత్రం నెల నెలా అంతే ఉంది. నేను నేర్చుకోవాలనుకుంటున్నది ఆ పది నిమిషాలే. అది ఫోన్లో వచ్చేది కాదు, వీడియోలో చూస్తే వచ్చేది కాదు. దానికి ఒక కాలేజీ, ఐదున్నరేళ్ళు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్ కావాలి. ఆ కాలేజీ గరివిడిలోనే, నా ఇంటికి ఏడు కిలోమీటర్లలో ఉంది.

మీ నియమం వల్ల మా వైపు ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా రాస్తాను.

1. ఆలస్యమైంది నేను ఒక్కదాన్నేనా? తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో పెట్టారు. గన్నవరంలో 1998లో వచ్చింది. మా ఉత్తరాంధ్రకి గరివిడిలో కాలేజీ రావడానికి తిరుపతి తర్వాత అర్ధ శతాబ్దం దాటింది. నాకు పదిహేడేళ్ళప్పుడు, అంటే మీ లెక్కలో సరైన వయసులో, పశువైద్యం చదవాలంటే ఇక్కడి నుంచి గన్నవరమో, దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలోని తిరుపతో పోవాలి. నడుం విరిగిన తండ్రిని మంచం మీద వదిలి ఏ ఆడపిల్ల పోతుంది? ఇప్పుడు కాలేజీ దగ్గరికొచ్చింది. అది వచ్చేసరికి మాకు వయసు దాటిపోయింది. మా ప్రాంతానికి కాలేజీ ఆలస్యంగా ఇచ్చినందుకు ఎవరూ జరిమానా కట్టలేదు, మేం కడుతున్నాం.

2. ఇరవైల్లోనే తెగిపోయే ఈ గీత పేపర్ మీద అందరికీ ఒకటే. ఊళ్ళో ఒకటి కాదు. టౌన్లో కార్పొరేట్ కాలేజీలో చదివిన పిల్లాడు ర్యాంకు కోసం ఒకటికి రెండేళ్ళు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నా గీత లోపలే ఉంటాడు. గీత దాటేది ఎవరో చూడండి: చిన్నప్పుడే పెళ్ళయిన ఆడవాళ్ళు, చెన్నైకో హైదరాబాదుకో వలసపోయి పదేళ్ళ తర్వాత తిరిగొచ్చిన కుర్రాళ్ళు, తమ్ముళ్ళ చదువు కోసం తమ చదువు మానుకున్న పెద్దకొడుకులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటివాళ్ళు లేని వీధి చూపించండి.

3. చేతికి అందే దూరంలో చదువుకున్నవాళ్ళు లేకపోతే జనం పశువుని వదిలేసి కూర్చోరు, ఎవరు దొరికితే వాళ్ళ చేత సూది వేయిస్తారు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులే. ఆ చట్టం మంచిదే, దానికి నేను వ్యతిరేకం కాదు. నా పని ప్రథమ చికిత్స దాకానే అని నాకు తెలుసు. కానీ చేపని గేదెకి సంతలో దొరికే సూదిమందు రోజూ పొడిచేవాళ్ళని చూశాను. జ్వరం వచ్చిన ఆవుకి మనుషుల నొప్పి మందు డైక్లోఫెనాక్ ఇచ్చేవాళ్ళని చూశాను. పశువులకి ఆ మందు వాడకూడదని 2006లోనే నిషేధించారు, ఆ కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. (మా అత్త చిన్నప్పుడు ఊరి చివర రాబందులు గుంపుగా వాలేవట. నేను పుట్టాక ఒక్కటీ చూడలేదు.) ఇవన్నీ ఊళ్ళో చెప్పి ఆపాలంటే ఊళ్ళోనే ఉండే మనిషి కావాలి. ఆ మనిషి చేతిలో డిగ్రీ కూడా ఉండాలి. ఉత్త పశుసఖి మాట ఎవరు వింటారు?

4. ఇది పశువుతో ఆగే సంగతి కాదు. ఈసుకుపోయిన గేదె మాయని మా ఆడవాళ్ళు వట్టి చేతులతో లాగి పారేస్తారు. ఈసుడు రోగం ఆ చేతుల్లోంచి మనుషులకి వస్తుంది. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ళ నొప్పులు. అది గేదె నుంచి వచ్చిందని చాలామందికి తట్టను కూడా తట్టదు. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన పశువుని కోయకూడదని ఎంతమందికి తెలుసు? సాలలో పని అంతా ఆడవాళ్ళదే. ఒక ఆడ డాక్టరు సాలలోకి వచ్చి చెప్తే వాళ్ళు అడగాల్సినవి అడుగుతారు. మగ డాక్టరు గారు వస్తే కొంగు సవరించుకుని గుమ్మం వెనక నిలబడతారు, మాట్లాడేది మగవాళ్ళు. ఇది ఎవరి తప్పూ కాదు, మా దగ్గర ఉన్న పద్ధతి.

5. వయసు ఎక్కువైనవాళ్ళ మీద పెట్టిన ఖర్చు దండగ అంటారు. నాకు ఒక పెద్దాయన ఇదే చెప్పారు. లెక్క వేసి చూద్దాం. నేను 34కి చేరితే 40 లోపు బయటికొస్తాను. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లలో పై వయసు 42 దాకా ఇచ్చింది నేను చూశాను. ఈ రాష్ట్రంలో ఉద్యోగి రిటైరయ్యేది 62కి, 2022లో ప్రభుత్వమే పెంచింది. అంటే ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇరవై రెండేళ్ళు ఒకే తాలూకాలో, ట్రాన్స్‌ఫర్ కోసం ఎవరి చుట్టూ తిరగకుండా పనిచేసే డాక్టరు మీకు దండగా? ఉద్యోగంలోకి నలభై దాటినా రానిస్తామని, ఆ ఉద్యోగానికి కావలసిన చదువుకి మాత్రం ముప్ఫైలో రావద్దని అంటే, ఈ రెండు రూల్సూ రాసినవాళ్ళు ఎప్పుడైనా ఒక గదిలో కూర్చున్నారా అని నాకు అనుమానం.

6. మనుషుల డాక్టరు చదువుకి ఈ గీత లేదు. నీట్‌కి ఉన్న పై వయోపరిమితిని 2022లో జాతీయ వైద్య కమిషన్ ఎత్తేసింది. నలభై ఏళ్ళ మనిషి ఎంబీబీఎస్‌లో చేరి మనుషులకి వైద్యం చేయడం నేర్చుకోవచ్చు. ముప్ఫై మూడేళ్ళ మనిషి గేదెకి పురుడు పోయడం నేర్చుకోకూడదా?

శారీరకంగా కష్టమైన చదువు అని కూడా ఒకరు అన్నారు. దాణా బస్తా యాభై కిలోలు. నెలకి నాలుగు దింపుతాను. ఈ పాయింటు మీద ఇంతకంటే రాయను.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. నాకు సీటు ఇస్తే ఒక కుర్రాడికో అమ్మాయికో పోతుందని కొందరంటారు, అందులో నిజం ఉంది. అందుకే నేను దయ అడగట్లేదు. ర్యాంకులో వాళ్ళ వెనక ఉంటే నన్ను వెనకే ఉంచండి. ముందుంటే పుట్టిన తేదీ చూపించి తోసేయకండి. అంతే తేడా.

మా డిమాండ్లు ఇవి. మా అంటున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాసే ముందు మా మండలంలో ఇంకో నలుగురితో మాట్లాడాను. ఇద్దరు పశుసఖులు, ఒక గోపాలమిత్ర (ఊళ్ళల్లో పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్త), ఒకరు పాల కేంద్రంలో పనిచేసే కుర్రాడు.

1. పశువైద్య డిగ్రీ ప్రవేశాలకి పై వయోపరిమితి ఎత్తేయాలి. ఒక్కసారిగా కుదరదంటే, పశువుల దగ్గర కనీసం మూడేళ్ళు పనిచేసినట్టు మండల పశువైద్యుల ధ్రువపత్రం ఉన్నవాళ్ళకైనా వచ్చే ఏడాది నుంచి సడలించాలి.

2. ఇంజనీరింగ్‌లో పాలిటెక్నిక్ వాళ్ళకి ఈసెట్ ఉంది. వ్యవసాయ డిప్లొమా చేసినవాళ్ళకి అగ్రిసెట్ ఉంది. అలాగే పశుసఖులకీ గోపాలమిత్రలకీ, ఇంటర్ బైపీసీ పాసై ఉంటే, విడిగా పరీక్ష పెట్టి కాలేజీకి రెండు మూడు సీట్లయినా కేటాయించాలి. గరివిడిలో మొదలుపెట్టండి. పనిచేయకపోతే ఐదేళ్ళకి తీసేయండి.

3. ఓపెన్ స్కూల్ ఇంటర్ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో నోటిఫికేషన్లోనే తెలుగులో, స్పష్టంగా రాయాలి. నాకు ఒక కౌంటర్లో చెల్లుతుందన్నారు, పక్క కౌంటర్లో కనుక్కోవాలన్నారు. సర్టిఫికెట్ ఇచ్చింది ప్రభుత్వమే, కనుక్కోమనేదీ ప్రభుత్వమే.

4. పిల్లలున్న ఆడవాళ్ళు చేరితే హాస్టల్లోనే ఉండాలని పట్టుబట్టకుండా ఇంటి నుంచి వచ్చిపోయే వీలు ఇవ్వాలి. రాత్రి డ్యూటీలకి మేం రాలేమని అనుకోవద్దు. మా సాలల్లో ఈతలు ఎప్పుడూ పగలు జరగలేదు.

5. అర్జీకి 'పరిష్కరించబడింది' అని మెసేజ్ పంపే ముందు ఏం పరిష్కరించారో ఒక్క వాక్యం రాయాలి. కాదంటే కాదని రాయండి. దేని ప్రకారం కాదో రాయండి. ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాత ఎక్కడికి వెళ్ళాలో మేం చూసుకుంటాం.

వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్ వెలువడే లోపు ఈ ఐదింటికీ రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే మేం ఐదుగురం వయసు దాటినా దాటకపోయినా దరఖాస్తు పెడతాం. తిప్పి పంపితే ఆ కాగితాలు పట్టుకుని కోర్టుకి వెళ్ళే ఆలోచన కూడా ఉంది. చీపురుపల్లిలో ఒక లాయరు గారితో మాట్లాడాం, ఫీజు తర్వాత చూద్దామన్నారు.

వచ్చే ఎంట్రన్సుకి చదవడం మొదలుపెట్టాను. ఫిజిక్స్ ఇంకా కొరుకుడు పడట్లేదు, మా పాపకి కూడా అంతే. ఆ పెద్దాయన గేదె మళ్ళీ చూడిది, ఇప్పుడు ఏడో నెల. రోజు తప్పించి రోజు వెళ్ళి చూసి వస్తున్నాను. గేదెకి పది నెలలకి పైనే పడుతుంది కాబట్టి, మీ జవాబుకీ దాని ఈతకీ మధ్య ఇంకా టైము ఉంది.

ఇట్లు,
ఒక పశుసఖి,
గరివిడి దగ్గర పల్లె, విజయనగరం జిల్లా